ఎడమ బూటు, మూడో కన్నం

చూడకుండా ఉంటే బాగుండేదని అక్క అప్పటికి పదోసారి అనుకుంది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి బయల్దేరే రోజులు ఏడాదిలో మూడొందలుంటాయి. ఇవాళ మాత్రం బుద్ధిగా తెచ్చుకుంది, తుడుచుకుని మరీ పెట్టుకుంది. ఇంతకీ కిందికి వెళ్ళింది నాలుగు పిన్నీసులు ఇచ్చి రావడానికి. నంబరు కాగితం గుచ్చుకోవడానికి వాళ్ళిచ్చిన పిన్నీసులు మొండివని చెల్లెలు ఫోన్ చేస్తే, మెట్లు దిగి, పరుగుకి ముందు ఒళ్ళు వేడెక్కించుకునే చిన్న మైదానం దాకా నడిచి, దాని చుట్టూ ఉన్న ఇనుప వల సందులోంచి వేళ్ళు దూర్చి అందించింది. చెల్లెలు అందుకుంది, మేజోడు పైకి లాక్కోవడానికి వంగింది, అప్పుడు కనిపించింది. ఎడమ బూటు. లేసు మొదటి కన్నంలోంచి అడ్డంగా రెండోదాంట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి మూడోదాన్ని ముట్టుకోకుండా పక్కనే నిలువుగా పాకి నాలుగోదాంట్లో దూరింది. కుడి బూటుకి అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎడమదానికే, పాదం పైన సరిగ్గా నడిమధ్య, వేలెడంత చోట లేసు తగలకుండా కిటికీ తెరిచినట్టు ఉంది. అక్క తల ఎత్తేసరికి చెల్లెలు ఆమెనే చూస్తోంది. ఎడమ కాలిని మెల్లగా కుడి కాలి వెనక్కి జరుపుకుంది, చిరిగిన మేజోడు దాచుకునే బడిపిల్లలా. "వెళ్ళి కూర్చో అక్కా. ఇవాళ నాకెక్కడా నొప్పి లేదు," అంది. నొప్పి ఉందా అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆరూ ఐదు. పరుగు ఆరూ నలభైకి. అక్క పద్నాలుగో వరసలో కూర్చుని ఉంది, పక్కన గడియారం, ఒళ్ళో పదిహేను మంది పేర్లున్న కాగితం. గడియారం అంటే గోడమీదిది కాదు, మనిషి. చెల్లెలికి పరుగు నేర్పే కోచ్. ఒకప్పుడు అక్కతో హాస్టల్లో ఒకే గదిలో ఉండేది, అలారం లేకుండా రోజూ నాలుగున్నరకి టక్కున లేచి కూర్చునేది, అందుకే ఆ పేరు. పేరు పెట్టింది అక్కే. ఆ రోజుల్లో నువ్వు అనేది. ఇరవై ఏళ్ళ క్రితం ఒక సాయంత్రం నుంచి మీరు అంటోంది. తిట్టడం కన్నా అదే గట్టిగా తగులుతుందని అక్కకి తెలుసు. బావగారి అమ్మని అనే మీరు కాదు అది, కరెంటు ఆఫీసులో కిటికీ అవతల కూర్చున్నవాళ్ళని అనే మీరు.  గడియారం అరచేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని దూరంగా ఖాళీ ట్రాకుని చూస్తోంది. చెప్పాలా, చెప్పకూడదా? చెబితే ఈ మనిషికే చెప్పాలి. లోకంలో ఇంతమంది ఉండగా.

కాగితం మీద పదిహేను పేర్లు, ఒక్కో పేరుకీ ఎదురుగా ఆ అమ్మాయి ఇంతవరకూ పరిగెత్తిన అన్నిటికన్నా మంచి టైము. అక్క దాన్ని మందుల చీటీ చదివినట్టు మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పదిహేను వందల మీటర్లు, సెమీఫైనల్, మొదటి ఆరుగురు ఫైనల్‌కి, మిగతా తొమ్మండుగురు ఇంటికి. మొదటి అమ్మాయికీ పదిహేనో అమ్మాయికీ తేడా రెండున్నర సెకన్లు. పాలు పొంగడం చూసి పరిగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేలోపు అంతకన్నా ఎక్కువ పడుతుంది. పదిహేను మందీ నాలుగు నిమిషాల లోపు వాళ్ళే. చెల్లెలు తొమ్మిదోది. తన రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఫైనల్లో పన్నెండు మంది ఉంటే నలుగురు పరిగెత్తేవాళ్ళు, మిగతా ఎనమండుగురూ పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా వెనకే తిరిగేవాళ్ళు. మూడో చుట్టు వచ్చేసరికి తీగ మీద ఆరేసిన బట్టల్లా ఎవరికి వాళ్ళు విడివిడిగా ఉండేవాళ్ళు. భయపడాలన్నా ముగ్గురికే భయపడాలి. అక్క నాలుగు నిమిషాల పదకొండు సెకన్లతో గెలిచింది ఒకసారి, ఆ కాగితం ముక్క ఇంకా బీరువాలో ఉంది. ఆ టైముతో ఇవాళ ఈ పదిహేను మంది వెనక నిలబడితే డెబ్బై మీటర్ల దూరంలో ఒంటరిగా వస్తుంది, జనం పాపం అని చప్పట్లు కొడతారు.

వెనక వరసలో ఒకాయన భార్యకి అన్నీ విడమరిచి చెబుతున్నాడు. ఈ పదిహేనో అమ్మాయి ఎందుకొచ్చినట్టు, చివర రావడానికి కాకపోతే, అంటున్నాడు. ఆవిడ ఊఁ కొడుతోంది, ముప్ఫై ఏళ్ళ అలవాటున్న ఊఁ. అక్కకి వెనక్కి తిరిగి, బాబూ, ఆ పదిహేనో అమ్మాయి తలుచుకుంటే మొదటిది కాగలదు, మొదటి అమ్మాయికి కొంచెం జలుబు చేస్తే పదిహేనోది కాగలదు, అందులోనే ఉంది భయమంతా, అని చెప్పాలనిపించింది. ఇంట్లో తన మనిషికి చెప్పి చూసింది. పదిహేను వందల మీటర్లంటే మన వీధి చివర దుకాణం దాకా వెళ్ళి రావడమే కదా, దానికింత హడావుడా అన్నాడాయన. ఆ దుకాణానికి ఆయన స్కూటర్ మీద వెళ్తాడు.

అందరూ ఒకే వేగం ఉన్నవాళ్ళయితే ఎవరూ వెనకబడరు. ఎవరూ వెనకబడకపోతే పదిహేను మందీ చివరిదాకా ఒకే దుప్పట్లో పడుకున్న పిల్లల్లా ఒకరి కాళ్ళలో ఒకరు పరిగెత్తాలి. మోచేతులు, మోకాళ్ళు, ఇనుప ముళ్ళున్న బూట్లు. ట్రాకు మీద ఎప్పుడూ ఎడమవైపే తిరగాలి, ఎడమ పాదమే లోపలి పాదం, వంపు వచ్చిన ప్రతిసారీ మెలిక పడేది దానికే. ఎన్ని వంపులు? అక్క వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడు. ఏడో వంపుకి ముందో దాని మీదో, మూడొందల మీటర్లు మిగిలినప్పుడో రెండొందలు మిగిలినప్పుడో, పదిహేను మందీ ఒక్కసారి తెగించి దూకుతారు. అప్పుడు ఆ ఎముక. పాదం పైన, చీలమండకి కొంచెం ముందు, చిన్నది, పడవలా ఉంటుందని డాక్టరు ఆ రోజుల్లో కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. దానికి రక్తం సరిగ్గా అందదట, అందుకే పగులు పడితే ఓ పట్టాన అతుక్కోదట. వెంట్రుకంత పగులుతో కూడా నడవచ్చు, పరిగెత్తొచ్చు, నవ్వొచ్చు, నొప్పి లేదని అక్కకి చెప్పొచ్చు. ఒకరోజు పడవ రెండుగా విరుగుతుంది. ఆ చప్పుడు బయటికి వినిపిస్తుందా? అక్క ఎప్పుడూ వినలేదు. వింటానేమోనని ఇప్పుడు ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది.

తనని విననివ్వలేదు, అదీ సంగతి. ఇరవై ఏళ్ళ క్రితం, ఇలాంటి సాయంత్రమే, ఫైనల్. నలుగురిలో అక్కే మొదటిది, గడియారం నాలుగోది. నెల రోజులుగా పాదం నొప్పి, ఎవరికీ చెప్పలేదు, లేసు ఒక కన్నం వదిలి కట్టుకుంటే నొక్కుకోకుండా ఉంటుందని తనే కనిపెట్టింది. గదిలో మంచం మీద కూర్చుని కడుతుంటే గడియారం చూసింది. చూసి, నీళ్ళ సీసా నింపుకొస్తానని వెళ్ళింది. కాల్‌రూమ్‌లో, అంటే పరుగుకి ముందు అందరినీ పిలిచి కూర్చోబెట్టి నంబర్లూ బూట్లూ చూసే గదిలో, డాక్టరు వచ్చి నేరుగా అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బూటు విప్పి బొటనవేలితో నొక్కాడు. పన్నెండు మంది పదకొండు మందయ్యారు. నాలుగో చోటు రావలసిన గడియారానికి మూడో చోటొచ్చింది, మెడలో పతకం పడింది. అక్క ఆ రాత్రే గది మార్చుకుంది. ఎందుకు చెప్పావని అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు చెబుతుంది కదా, జవాబు వింటే కోపం పలచబడుతుందేమోనని భయం. ఏడాది తరవాత మళ్ళీ ట్రాకెక్కితే నాలుగు నిమిషాల పదిహేను సెకన్లు. అప్పటికి వెనక వరస ముందుకొచ్చేసింది. ఆపెయ్యమని ఎవరూ అనలేదు, ఆపొద్దని కూడా ఎవరూ అనలేదు.

పిండికట్టులో ఉన్న ఆ నెలల్లోనే కదా చిన్నదానికి లేసు కట్టడం నేర్పింది. అమ్మకి లేటుగా పుట్టిన పిల్ల, అప్పటికి ఆరేళ్ళు, అక్క మంచం దిగలేదు కాబట్టి ఆడుకోవడానికి అక్కే దొరికింది. పనికిరాని ముళ్ళబూట్లు ఒళ్ళో పెట్టుకుని కుందేలు చెవులు, ఒక చెవి, రెండో చెవి, ముడి. ఎడమ బూటు ఇంకా ఆ సాయంత్రం కట్టిన కట్టుతోనే ఉంది. ఈ కన్నం ఎందుకు వదిలేశావక్కా అని అడిగింది. నొప్పి ఉన్న చోట వదిలెయ్యాలి అంది అక్క, ఇంకేమీ ఆలోచించకుండా, కిటికీలోంచి చూస్తూ. పిల్లలు చెప్పినవి వినరంటారు. విన్నది, ఇరవై ఏళ్ళు దాచుకుంది, ఇవాళ వాడుకుంది. తనే నేర్పింది. నొప్పి చెప్పమని నేర్పలేదు, కన్నం వదలమని నేర్పింది.

ఆరూ పదిహేను. పెద్ద తెర మీద ఎవరో గుండు విసిరి అరిచారు, జనం చప్పట్లు. కింద సొరంగం లాంటి దారి, ఆ దారి వెనక కాల్‌రూమ్. ఇప్పుడు ఫోన్లు తీసేసుకుంటారు, బూటు ముళ్ళు కొలుస్తారు, పదిహేను కుర్చీల్లో కూర్చోబెడతారు. ఎవరి కళ్ళూ ఎవరూ చూడరు, అందరూ గోడనో తమ మోకాళ్ళనో చూసుకుంటారు. చెల్లెలు ఎడమ పాదం కుర్చీ కిందికి పెట్టుకుని ఉంటుంది. పోనీ ఊరికే కట్టుకుందేమో, బూటు కొత్తదేమో, కరుస్తోందేమో, అక్క కట్టినట్టు కడితే కలిసొస్తుందని సరదాపడిందేమో. అలా అనుకుంటే ఎంత హాయి. మరి కాలు ఎందుకు దాచుకుంది? నిన్న టిఫిను దగ్గర మెట్లు దిగేటప్పుడు గోడ ఎందుకు పట్టుకుంది? అక్క అది కూడా చూసింది, చూడనట్టు బల్ల తుడిచింది. చూడనట్టు ఉండడంలో ఆమెకి మంచి సాధన ఉంది. మూడేళ్ళ క్రితం ఒక దుకాణంలో పొడుగమ్మాయి కనిపించినప్పుడూ అంతే. ఆ నలుగురిలో రెండోది, పొడుగ్గా జిరాఫీలా పరిగెత్తేది, అక్కకి జరిగింది చూసి భయపడి తన నొప్పి ఎవరి కంటా పడకుండా దాచుకుంది, మరుసటేడు పరిగెత్తింది, గెలిచింది కూడా. దుకాణంలో ఆమె ఒక పాదాన్ని వెలుపలికి తిప్పి ఈడుస్తూ, బండిని ఊతకర్రలా పట్టుకుని వస్తోంది. అక్క సబ్బుల అర వెనక్కి తప్పుకుంది, ఆమె వెళ్ళిపోయేదాకా సబ్బు అట్టల మీద ఉన్నవన్నీ చదివింది.

చెప్పకపోతే ఒక భయం. చెబితే రెండు. ఎముక అతికేదాకా ఎనిమిది నెలలు కూర్చుంటే చెల్లెలికి ఏం మిగులుతుంది? మనవాళ్ళలో ముగ్గురినే పంపుతారు, నాలుగో అమ్మాయి ఇంట్లో కూర్చుని టీవీ చూస్తోంది, చెల్లెలికీ ఆ అమ్మాయికీ ఎంపికలో తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. ఆ అమ్మాయి వెనక ఇంకో నలుగురు, వాళ్ళ వెనక ఇంకో పదిమంది, అందరూ ఊపిరి మెడమీద తగిలేంత దగ్గరలో. ఇది పూర్వంలా నాలుగు కుర్చీల ఆట కాదు, లేచి నీళ్ళు తాగొచ్చేసరికి కుర్చీ ఉండదు. ఇరవై ఆరేళ్ళు. ఇదే సరైన వయసు, ఇదే ఏడాది, బహుశా ఇదే సాయంత్రం. గడియారం దగ్గర చేరతానని అది ఇంట్లో చెప్పిన రోజున అక్క నెల రోజులు దానితో మాట్లాడలేదు. ఆవిడ నీ రేసు చెడగొట్టింది నిజమే, కానీ నాకు ఆవిడే బాగా నేర్పుతుంది, నేనేం చెయ్యను, అంది చిన్నది. తన రేసు చెడగొట్టిన మనిషిగానే దానికి గడియారాన్ని పరిచయం చేసింది అక్క, ఇరవై ఏళ్ళు, భోజనాల దగ్గర, ప్రయాణాల్లో, ప్రతి సందర్భంలోనూ. రేపు దాని పిల్లలకి అది తనని ఎలా పరిచయం చేస్తుంది? నా రేసు చెడగొట్టిన మీ పెద్దమ్మ. అరచేతులు చెమటతో కాగితానికి అంటుకున్నాయి, తొమ్మిదో పేరు మీద సిరా చెదిరింది.

"ఆ కాలు ఆపవే తల్లీ. వరసంతా ఊగిపోతోంది," అంది గడియారం.

అక్క కిందికి చూసుకుంది. నిజమే, కాలు టకటకా సిమెంటు మెట్టు మీద కొడుతోంది. ఎంతసేపటినుంచో కొడుతోంది, కూర్చున్న దగ్గర్నుంచీ అయి ఉంటుంది. ఎడమ కాలు. ఆపి, దాన్ని ఎవరిదో అన్నట్టు చూసింది. మడమ చెప్పులోంచి కొంచెం బయటికి వచ్చి ఉంది, వేలికి మెట్టె, పాదం పైన ఆ చోటు. పావుగంటగా రాయిలాంటి మెట్టుకేసి బాదుతున్నా అక్కడ ఏమీ లేదు. నొప్పి లేదు. చివరిసారి ఎప్పుడు నొప్పి పుట్టింది అని వెతుక్కుంది, దొరకలేదు. ఈ కాలితో నాలుగో అంతస్తు దాకా నీళ్ళ డబ్బాలు మోసింది, ఇద్దరు పిల్లల్ని రెండు చంకలకీ ఎత్తుకుని బస్సులెక్కింది, కుట్టుమిషను తొక్కింది, బస్సు తప్పిపోతుంటే ఇప్పటికీ పరిగెత్తి అందుకుంటుంది, కండక్టరు అబ్బో అంటాడు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారైనా ఈ కాలిని తలుచుకోలేదు. బాగున్న కాలిని ఎవరు తలుచుకుంటారు? పోయిన పతకాన్ని రోజూ తలుచుకుంది.

"ఎడమ బూటు," అంది అక్క. "ఒక కన్నం వదిలేసి కట్టింది."

గడియారం తల తిప్పలేదు. "ఎన్నోది?"

"మూడోది."

ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, ఇంతసేపూ ఎందుకు ఊరుకున్నావు, ఏదీ అడగలేదు. స్టాప్‌వాచీ తీసి అక్క అరచేతిలో పెట్టింది. దాన్ని ఇంకొకళ్ళు ముట్టుకుంటే కస్సుమనే మనిషి. లేచింది. "నువ్వు త్వరగా వెళ్ళు," అంది అక్క, నువ్వు అన్నానని అన్నాక తెలిసింది. గడియారం అప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి చూసింది. తరవాత మెట్లు రెండేసి చొప్పున దిగుతూ వెళ్ళిపోయింది, నలభై రెండేళ్ళ మనిషి, వెనకాయన అడ్డం అడ్డం అని విసుక్కుంటుంటే.

ఆరూ ఇరవై రెండు. ఇక చేసేదేమీ లేదు, ఇంతసేపూ ఉన్న భయం పోతుందనుకుంది, పోలేదు, ఉన్నచోటే ఇంకొంచెం జరిగి ఇంకో భయానికి చోటిచ్చింది. గడియారం మెట్ల కింద ఎడమ చేతికి తిరిగింది, జట్టుతో వచ్చిన డాక్టరమ్మ తెల్ల టోపీ కనిపించింది, ఇద్దరూ దారిలోకి వెళ్ళిపోయారు. ఇప్పుడు కాల్‌రూమ్ తలుపు. ఇప్పుడు డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుంటుంది. పద్నాలుగు మంది తల తిప్పుకుంటారు, జాలితో కాదు, అంటుకుంటుందేమోనని. చెల్లెలు ఏమంటుంది? పోనీ తప్పు చూసుంటే? కళ్ళజోడు అద్దం మీద గీత ఉంది, వల ఇనుప తీగ అడ్డొచ్చి ఉండొచ్చు, ఊరికే బూటు కరిచినందుకు పిల్ల జీవితం మీద చెయ్యి వేసిందేమో. ఆ ఆలోచన వచ్చేసరికి లేచి పరిగెత్తి వాళ్ళని ఆపాలనిపించింది, లేవబోయింది, కాళ్ళు లేవలేదు. బాగున్న కాళ్ళు.

ఆరూ ముప్ఫై మూడుకి దారిలోంచి ఒకామె వచ్చింది, చేతులు విదిలించుకుంటూ. అక్క లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండు, మూడు. పసుపు బనీను, నాలుగు. జడ తలపాగాలా చుట్టుకున్నామె, ఐదు. ఒక్కొక్కరూ వెలుగులోకి రాగానే కళ్ళు చికిలించి, రెండంగలు గెంతి, ట్రాకు మీద పడుతున్నారు. పది. పదకొండు. పన్నెండు మంది వచ్చాక దారి ఖాళీగా ఉంది, ఖాళీగానే ఉంది. పదమూడు. పద్నాలుగు. ఆ వెనక నీలం బనీను నీడ కదిలినట్టయింది, చెల్లెలిది నీలం. రాకూడదని అనుకుందో రావాలని అనుకుందో ఆ క్షణాన అక్కని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. నీలం చొక్కా వేసుకున్న అధికారి ఒకాయన బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, గడియ పెట్టాడు.

అవతలి వంపు దగ్గర వాళ్ళని వరసలో నిలబెట్టారు. తొమ్మిదో చోట ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇంత దూరం నుంచి కూడా కనబడింది, పళ్ళవరసలో పన్ను ఊడినట్టు. అక్క దాన్నే చూస్తోంది. తుపాకీ పట్టుకున్న తెల్ల చొక్కా ఆయన చెయ్యి ఊపాడు. అటు ఎనిమిదో ఆమె అరడుగు జరిగింది, ఇటు పదో ఆమె అరడుగు జరిగింది, ఖాళీ పోయింది. అంతే. అసలు అక్కడ ఎవరైనా నిలబడవలసి ఉందని ఇక ఎవరికీ తెలియదు. తుపాకీ పేలింది, అక్క బొటనవేలు దానంతటదే స్టాప్‌వాచీ నొక్కింది. పద్నాలుగు మందీ ఒక్క ముద్దగా వెళ్ళారు, ఒక్క ముద్దగానే వచ్చారు, ఏడో వంపు మీద ఒక్కసారిగా విచ్చుకున్నారు, చివరి గీత మీద ఆరో ఆమెకీ ఏడో ఆమెకీ మధ్య దారం పట్టేంత చోటు లేదు. ఏడో ఆమె గీత దాటి అక్కడే కూలబడి చేతులతో మొహం కప్పుకుంది. పదిహేను మందన్నారు కదా అన్నాడు వెనకాయన. ఎవరో రాలేదేమోలెండి అంది భార్య.

గడియారం వచ్చి కూర్చుంది, రొప్పుతూ. డాక్టరమ్మ వేలు పెట్టగానే పిల్ల కుర్చీలోంచి ఎగిరిపడిందట, రేపు పొద్దున్నే స్కానింగట, పగులు ఎంత లోతుందో అప్పుడుగానీ తెలియదట. అక్క ఇంకేమైనా చెబుతుందేమోనని చూసింది, క్షమాపణో ఓదార్పో, ఏదైనా. గడియారం ట్రాకుని చూస్తూ, "ఇరవై ఏళ్ళు పడుతుంది. ఓపిక పట్టు," అంది. స్టాప్‌వాచీ మాత్రం తిరిగి అడగలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్క తల ఎత్తలేదు; ఆ మొహం ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు, ఒకప్పుడు అది తన మొహమే. పాదాలు మాత్రం చూసింది. బూట్లు విప్పేసి చేత పట్టుకుంది, మేజోళ్ళతో ఎక్కుతోంది, కుడిది, ఎడమది, కుడిది. ఎడమది కొంచెం జాగ్రత్తగా పడుతోంది, కానీ పడుతోంది, మడమ నుంచి వేళ్ళదాకా తిన్నగా. ఒక్కో మెట్టూ అక్క లోపల లెక్కపెట్టుకుంది. పద్నాలుగో వరస దగ్గర పాదాలు ఆగాయి.

"నువ్వే చెప్పావు."

"ఊఁ."

చెల్లెలు వరసలోకి వచ్చింది. అక్క తన పక్క కుర్చీ మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెల్లెలు ఆ కుర్చీని చూసింది, దాన్ని వదిలేసి, దాని అవతలి దాంట్లో కూర్చుంది. అక్క చేతిలో స్టాప్‌వాచీ ఇంకా నడుస్తూనే ఉంది.